వంటింటి గోడ మీద కొలువున్న పిల్లి గారికి

మహారాజశ్రీ పిల్లి గారి దివ్య సముఖమునకు,

ఈ వంటింట్లో వండేవాళ్ళు చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నాను గానీ కుశలం ఒకవైపే ఉంది. తమరికి మీసం చెదరలేదు, చెవి వాలలేదు. నాకు మాత్రం నిన్న పప్పు గిన్నె దించుతుంటే బొటనవేలు చుర్రుమంది. ఆ సమయానికి తమరు పొయ్యికి బెత్తెడు దూరంలో మేకుకి వేలాడుతూ నవ్వుతున్నారు.

తమరిని దారంతో పిల్లి ముఖంలా అల్లింది, పట్టుకుని వేడి గిన్నెలు దించడానికి. ఈ సంగతి తమరి చెవిన ఎవరూ వేసినట్టు లేదు.

వెయ్యనిస్తేగా! "ఇంత ముచ్చటగా అల్లి, దీనికి మసి పూస్తావుటే?" అన్నారు మా అత్తగారు. మా అమ్మాయి ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుంది. మావారు, బల్బు మార్చమంటే అమావాస్య దాటనీ అనే మనిషి, ఆ పూటే సుత్తి వెతికి మేకు కొట్టారు. అంతే, తమరు గోడెక్కారు.

ఇక తమరూ గిమరూ నా వల్ల కాదు. నా చేత్తో అల్లిన పిల్లివి, నువ్వనే అంటాను.

నిన్ను నూలుదారంతోనే ఎందుకు అల్లానో తెలుసా? కొట్లో రంగురంగుల ఉండలుగా, ఊలు అని అమ్మేది చాలావరకు యాక్రిలిక్. తాకితే వెన్నే, కానీ వేడి గిన్నెకి తగిలితే కరిగి చేతికే అంటుకుంటుంది. నూలు మహా అయితే మాడుతుంది, కరగదు. అందుకని కాస్త గరుకైనా నూలే తెచ్చాను. నడుమ ఆరు కుట్లతో మొదలుపెట్టి, వరసకి ఆరేసి చొప్పున పెంచుకుంటూ పోతే నీ ముఖం చదునుగా వచ్చింది. పెంచడం తగ్గితే అంచులు పైకి ముడుచుకుంటాయి, ఎక్కువైతే కుచ్చులు పోతాయి. చూడ్డానికి జల్లెడ అల్లిక ఎంత అందంగా ఉన్నా వాడలేదు, కన్నాల్లోంచి వేడి తిన్నగా వేళ్ళకి వస్తుంది. దగ్గరదగ్గరగా సింగిల్ క్రోషేనే, అంటే కొక్కెం సూదితో వేసే పొట్టి కుట్టే వేసి, అలాంటి బిళ్ళలు రెండు కలిపి కుట్టాను. బొమ్మలకి పెట్టే ప్లాస్టిక్ కళ్ళు నిప్పు దగ్గర పనికిరావని నల్లదారంతో కళ్ళు కుట్టాను. చెవులు పెద్దవైతే గ్యాస్ మంట అందుకుంటుందని చిన్నవిగా, బిగువుగా లాగాను. తగిలించుకోవడానికి తోకని మెలిపెట్టి ఉంగరం చేశాను. ఆ తోకే నిన్ను గోడెక్కించింది అనుకో, అది వేరే సంగతి.

ఇంత ముందుచూపు నిన్ను నిప్పు దగ్గరికి పంపడానికి. అద్దాల బీరువాకైతే యాక్రిలిక్ చాలదూ?

సింకు కుళాయికి వేలాడుతున్న మసిగుడ్డని ఎప్పుడైనా కన్నెత్తి చూశావా? మా మామగారి పాత పంచె ముక్క. గంజి వార్చేది అదే, పెనం దించేది అదే, పాలు పొంగితే తుడిచేది అదే. దానికి ఫొటో లేదు, స్టేటస్ లేదు, మేకు లేదు. ఒక్కటే లోపం, అది ఎప్పుడూ తడిగానే ఉంటుంది. గాలికంటే నీరు వేడిని 20 రెట్లకు పైగా వేగంగా చేరవేస్తుంది. పొడిగుడ్డలో ఉన్న గాలి చేతిని కాపాడితే, తడిగుడ్డలో ఉన్న నీరు వేడిని తెచ్చి చేతిలో పెడుతుంది. నా బొటనవేలి కథ అదే. ఈ వంటింట్లో ఎప్పుడూ పొడిగా ఉండేది నువ్వొక్కదానివే, పని చెయ్యనిదీ నువ్వే.

పొయ్యితో మీ వంశానికి చుట్టరికం ఈనాటిది కాదు. కట్టెల పొయ్యి రోజుల్లో రాత్రి చల్లారిన బూడిదలో వెచ్చగా పడుకునేది పిల్లే. ఇంట్లో వంటకి గతి లేదని చెప్పాలంటే "పొయ్యిలో పిల్లి లేవలేదు" అన్నారు మనవాళ్ళు. ఎసరు పెట్టే వేళకి మీ పెద్దలు కనీసం లేచి, ఒళ్ళు విరుచుకుని, దారి ఇచ్చేవారు. నువ్వు మూడు పూటలా వండినా లేవవు.

తప్పంతా నీ మీదే వెయ్యను. మన ఇళ్ళలో అల్లికకి పని చెప్పే అలవాటే లేదు. రేడియో మీద, టెలిఫోన్ కింద, ఫ్రిజ్ నెత్తిన, టీపాయ్ మీద కప్పాం. ఆ కప్పిన దాని మీద మరక పడకుండా ప్లాస్టిక్ షీటు కప్పాం. టీవీలు పలచబడి గోడకి అతుక్కున్నాక పాపం టీవీ మీది లేసుకి కూర్చునే చోటే పోయింది.

ఆ లేసు అల్లే వేళ్ళ సంగతి అడగవేం? నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు 19వ శతాబ్దం నుంచీ అల్లుతున్నారు. మిషనరీ దొరసానులు నేర్పిన పని, దేశాలు దాటి భోజనాల బల్లల మీదికి వెళ్ళింది. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సంతోషం. దారం ఏజెంటు తెస్తాడు, అల్లిన ముక్క ఏజెంటు పట్టుకెళ్తాడు, ముక్కకి ఎంతో ఏజెంటే చెబుతాడు. ఇంట్లో మగవాళ్ళని అడిగి చూడు, "ఊరికే కూర్చోలేక ఏదో అల్లుతుందండీ" అంటారు. ఆ ఊరికే కూర్చున్న మనిషి పిల్లల ఫీజులు కట్టిన ఇళ్ళున్నాయి. ఏజెంటు డబ్బులు ఆగితే మీ సామెత పిల్లి నిజంగానే లేవని ఇళ్ళూ ఉన్నాయి.

ఇంకో మాట. స్వెట్టరు అల్లడానికి యంత్రాలున్నాయి గానీ అసలైన క్రోషే చేత్తో తప్ప రాదు. బజారులో అచ్చు నీలాంటి పిల్లి చవగ్గా దొరికిందంటే, అది కూడా ఎక్కడో ఒకరు వరసకి ఆరు కుట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుని అల్లిందే. మొన్న పక్కింటావిడ నిన్ను చూసి మురిసిపోయింది. "నాకూ ఒకటి అల్లి పెట్టవమ్మా, నీకు ఖాళీయేగా. దారం ఖరీదు ఇచ్చేస్తాలే" అంది. ఎంత పెద్ద మనసో! దర్జీ దగ్గరికి వెళ్ళి, గుడ్డ ఖరీదు ఇస్తాను చొక్కా కుట్టి పెట్టమని ఆవిడ అడగ్గా నేను చూడలేదు.

మరక పడుతుందని నీ భయం కదూ? పడుతుంది. తెల్లపిల్లివి, పసుపు తగలక తప్పదు. బట్టల సబ్బు రాసేసరికి ఆ మరక ఎర్రగా మారుతుంది, అప్పుడు గుండె ఆగినంత పని అవుతుంది. కంగారు పడకు. సబ్బులోని క్షారానికి పసుపు అలాగే రంగు మారుతుంది. బాగా జాడించి ఎండలో పడేస్తే వెలిసిపోతుంది. మొత్తం పోకపోతే ఏమైంది? మసిగుడ్డ ఒంటి మీద ఎన్ని మరకలో ఎవరైనా లెక్కపెట్టారా?

కాబట్టి ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, రేపు ఆదివారం. మావారు శీలావతి చేప తెస్తానన్నారు. వెడల్పాటి సత్తు గిన్నెలో పులుసు పెడతాను. ముక్కలు ఉడికాక గరిటె పెడితే చితికిపోతాయి, గిన్నెనే రెండువైపులా పట్టుకుని తిప్పాలి. ఎడమవైపు మసిగుడ్డ, ఈసారి ఎండలో ఆరేసే తెస్తాను. కుడివైపు నువ్వు. అత్తగారు అడ్డు చెబితే, పులుసు తినేది ఆవిడ కూడా కాబట్టి, నేను మాట్లాడుకుంటాను. పదకొండు గంటలకల్లా మేకు దిగి స్టవ్ దగ్గర హాజరు కావలసింది. పిల్లి పుట్టుక పుట్టి చేపల గిన్నె దగ్గరికి రానంటే లోకం నవ్వుతుంది.

ఇట్లు,
నీ ముఖం చదునుగా రావడానికి కారకురాలు

తా.క.: పాలగిన్నె దించడానికి మాత్రం నిన్ను పిలవను. ఆ సామెత నాకూ తెలుసు.