బస్తా బరువు ఎవరు నిర్ణయించారు?

2022 జులై 18న ప్యాకెట్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. 25 కిలోలు, అంతకు లోపు ప్యాకెట్లకే అది వర్తిస్తుందని తేలగానే కిరాణా కొట్ల ముందు 26 కిలోల బస్తాలు దిగాయి. కొత్త సంచులు అచ్చయ్యాయి, మిల్లుల్లో కాంటాలు సరిచేశారు, అంతా చకచకా అయిపోయింది. సాంకేతిక ఇబ్బందులంటూ ఒక్కరూ మొరపెట్టుకోలేదు. అంతకుముందు 2018 మార్చిలో యూరియా బస్తా 50 కిలోల నుంచి 45కి దిగింది. రైతు ఎకరాకు ఇన్ని బస్తాలని చల్లుతాడు కనుక బస్తా చిన్నదైతే వాడకం తగ్గుతుందన్నది ఢిల్లీ లెక్క. ఒకసారి పన్ను తప్పించుకోవడానికి, ఒకసారి సబ్సిడీ మిగుల్చుకోవడానికి బస్తా బరువు మారింది. ధాన్యం బస్తాను మోసేవాడి వెన్ను కోసం కూడా మారాలి. 40 కిలోల వడ్ల బస్తా, 50 కిలోల బియ్యం బస్తా, రెండూ 25కి దిగాలి.

అసలు వడ్ల బస్తా 40 కిలోలే ఎందుకయింది? మన కొనుగోలు కేంద్రాలకు వచ్చే గోనె సంచి 94 సెంటీమీటర్ల పొడవు, 57 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 50 కిలోల గోధుమలో, బియ్యమో పట్టాలని నేసిన సంచి అది. వడ్లకు పొట్టు ఉంటుంది కాబట్టి అదే సంచి 40 కిలోలకే మూతిదాకా నిండుతుంది, కుట్టుకు కాస్త అంచు మిగులుతుంది. పంజాబ్‌లో ఇదే పనికి 37.5 కిలోలు నింపుతారు. అంటే 40 అన్న అంకె డాక్టరు చెప్పింది కాదు, కార్మిక శాఖ చెప్పిందీ కాదు. సంచి చెప్పింది. దాని మీద సంచి బరువు మరో 600 గ్రాములు, ఆపైన తాలు పేరుతో, తేమ పేరుతో ఇంకో కిలో. ఆ తరుగు మీద రైతు గొడవకు దిగుతాడు, న్యాయమే. తూకంలో పెరిగిన ఆ కిలోను కూడా మోసేది హమాలీయేనన్న సంగతి ఆ గొడవలో ఎవరికీ తట్టదు.

ఒక గింజ కల్లం నుంచి కంచం దాకా ఎన్నిసార్లు మనిషి మీద ప్రయాణిస్తుందో లెక్కేయండి. కేంద్రంలో నింపి, తూచి, సుతిలితో కుట్టిన బస్తాను లారీకి ఎక్కించడం ఒకటి, మిల్లులో దించడం రెండు. బియ్యమయ్యాక మిల్లు నుంచి ఎత్తడం మూడు, గోదాములో దించడం నాలుగు. అక్కడి నుంచి మండల స్థాయి నిల్వ కేంద్రానికి ఎత్తడం, దించడం ఐదూ ఆరూ. రేషన్ షాపుకు ఏడూ ఎనిమిదీ. గోదాములో దొంతర మార్చడం, కాంటా మీద పెట్టి తీయడం ఇందులో కలపలేదు. 600 బస్తాల లారీ అంటే 24 టన్నులు. పన్నెండు మంది జట్టు ఎక్కిస్తే తలకు రెండు టన్నులు. సీజన్‌లో రోజుకు మూడు లారీలు తగిలితే ఆరు టన్నులు, యాసంగి పంటకైతే అది ఏప్రిల్, మే ఎండల్లో.

ఇప్పుడు నడుము దగ్గరికి వద్దాం. నడుములో అట్టడుగు వెన్నుపూసకూ త్రికాస్థికీ మధ్య ఉండే డిస్కే ఈ బరువుకు ఇరుసు. దానికి వెనక, సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో వెన్ను కండరాలు పట్టి లాగుతుంటాయి. నేల మీది బస్తాను వంగి పట్టుకున్నప్పుడు దాని బరువు డిస్కుకు ముందు 40 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. ముందున్న ప్రతి కిలోకు వెనక కండరం ఎనిమిది కిలోల బలంతో లాగాలి. ఇద్దరు చెరో కొస పట్టినా తలా 20 కిలోలు, అంటే 160 కిలోల లాగుడు. వంగిన పైశరీరాన్ని నిలబెట్టడానికి దాదాపు మరో అంత. లాగిన బలమంతా డిస్కును నొక్కే బలమే, పైగా బస్తా బరువు, ఒంటి బరువు ఉండనే ఉన్నాయి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఈ ఒత్తిడికి పెట్టిన హద్దు 3,400 న్యూటన్లు, మన భాషలో సుమారు 350 కిలోలు. ఇద్దరు కలిసి ఎత్తినప్పుడే ఆ హద్దు దగ్గరపడింది. ఒక్కడే ఎత్తే సందర్భాలు రోజుకెన్నో!

అదే సంస్థ 1991లో సవరించిన ఎత్తుడు సూత్రం ఒకటుంది. అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బస్తా ఒంటికి ఆనుకుని, నడుమెత్తులో, పట్టుకోవడానికి పిడితో ఉంటే, ఎత్తదగిన బరువు 23 కిలోలు. ఆపైన ప్రతి అననుకూలతకూ కోత పడుతుంది. మన కొనుగోలు కేంద్రానికి దీన్ని వర్తింపజేస్తే దూరం 40 సెంటీమీటర్లు కాబట్టి 0.63తో గుణించాలి. చేతులు నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తులో మొదలవుతాయి కనుక 0.82. లారీ ఎత్తుకు, అంటే 125 సెంటీమీటర్ల దాకా లేపాలి కనుక 0.86. గోనెకు పిడి లేదు, 0.9. నిమిషానికి రెండు చొప్పున రోజంతా, 0.65. చివరికి మిగిలేది దాదాపు 6 కిలోలు. 6 కిలోలు ఎత్తాల్సిన చోట ఇద్దరి మధ్య తలా 20 ఎత్తుతున్నారు, మూడింతలకు పైగా. వీపు మీద వేసుకుని చెక్కబల్ల ఎక్కడం, తల మీద పెట్టుకుని నడవడం ఈ సూత్రం పరిధిలోకే రావు. తల మీది బరువు మెడ డిస్కులను అరగదీస్తుంది, వీపు మీదిది మోకాళ్లను. పైనుంచి వదిలిన బస్తా భుజం మీద దబ్బున పడినప్పుడు క్షణంపాటు దాని బలం అసలు బరువుకు ఎన్నో రెట్లు.

దీనికి మన దగ్గర దొరికే మందు నడుం బెల్టు, లేకపోతే ‘మోకాళ్లు వంచి ఎత్తండి, నడుము వంచకండి’ అన్న సలహా. బెల్టు నడుమును కాపాడుతుందనడానికి ఆధారం లేదని నియోష్ 1994లోనే తేల్చింది. ఎత్తే పద్ధతి నేర్పితే నొప్పులు తగ్గుతాయా అన్నదాని మీద వచ్చిన పరిశోధనలన్నింటినీ, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష జల్లెడ పట్టింది, ఫలితం కనపడలేదు. కనపడదు కూడా. మోకాళ్లు వంచి ఎత్తాలంటే బస్తా రెండు మోకాళ్ల మధ్య పట్టాలి. ఈ బస్తా పట్టదు. మోకాళ్లకు అవతలే ఉండిపోతుంది, దూరం ఇంకా పెరుగుతుంది. పైగా రోజుకు మూడొందల సార్లు గొంతుక్కూర్చుని లేచే మనిషిని ఊహించండి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ కింది నమూనా నిబంధనలు మగవాళ్లకు 55 కిలోలు, ఆడవాళ్లకు 30 కిలోలు గరిష్ఠమన్నాయి. 55 అన్నది 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫార్సు చేసిన అంకె. బ్రిటన్ మార్గదర్శకాల్లో మగవాళ్లకు నడుమెత్తులో ఒంటికి దగ్గరగా 25 కిలోలు, పిక్కల కింద 10 కిలోలే. అక్కడ సిమెంటు బస్తా కూడా 25 కిలోలే, మన దగ్గర ఇంకా 50. ఊరి బయట టార్పాలిన్లు పరిచిన కొనుగోలు కేంద్రం ఎలాగూ ఫ్యాక్టరీ కిందికి రాదు. సంచులు నింపేది, ఈడ్చేది చాలాచోట్ల ఆడవాళ్లే అయినా 30 కిలోల హద్దు అక్కడ అడుగుపెట్టలేదు. ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం ఉమ్మడి రాష్ట్రంలో 1976లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. యార్డుల్లో దాని ఊసెత్తేవాడు కనపడడు.

ఇక అభ్యంతరాలు. సంచుల ఖర్చు పెరుగుతుంది, కుట్టు పెరుగుతుంది, 600 బస్తాల లారీకి 960 బస్తాలవుతాయి, ఆలస్యమవుతుంది, ధాన్యం వానకు తడుస్తుంది అంటారు. ఖర్చు పెరిగే మాట నిజం. 1987 చట్టంతో ధాన్యానికి గోనె సంచిని తప్పనిసరి చేసి జనపనార మిల్లులను నిలబెట్టుకోవడానికి ప్రభుత్వం ఇన్నేళ్లుగా ఆ ఖర్చు సంతోషంగానే భరిస్తోంది కదా. ఆలస్యం మాటకొస్తే, లారీలు రాక, మిల్లరు దించుకోక బస్తాలు రోజుల తరబడి రోడ్డు పక్కన పడి ఉండటాన్ని మించిన ఆలస్యం హమాలీ వల్ల జరగదు.

అసలు చిక్కు వేరే ఉంది. దాన్ని అభ్యంతరం చెప్పేవాళ్లు చూడరు. బస్తాను 25 చేసి కూలి మాత్రం క్వింటా లెక్కనే ఉంచితే ఏమవుతుంది? రెండేసి బస్తాలు ఒకేసారి వీపు మీద వేసుకుంటారు. 40కి బదులు 50 మోస్తారు! తప్పు వాళ్లది కాదు, కూలి లెక్కది. అందుకే బస్తాతోపాటు రెండు మార్పులు రావాలి. మొదటిది, సీజన్‌లో రోజుకింత అని కనీస కూలి కట్టి, దాని మీద క్వింటా కూలి. రెండోది, ఒక లారీకి ఇంతమందికి తక్కువ కాకుండా జట్టు ఉండాలన్న నిబంధన.

మిగతావి పెద్ద పనులు కావు. సంచిని నేల మీద కాకుండా 75 సెంటీమీటర్ల ఎత్తు బల్ల మీద పెట్టి నింపాలి, కాంటా అదే ఎత్తులో ఉండాలి, కుట్టు అక్కడే. బల్ల నుంచి లారీకి ఎత్తాల్సింది 50 సెంటీమీటర్లే. 25 కిలోల చిన్న సంచి ఒంటికి 30 సెంటీమీటర్లకు దగ్గరవుతుంది. ఇప్పుడు అదే సూత్రంలో అంకెలు మార్చి చూడండి. ఎత్తదగిన బరువు 6 నుంచి 10 కిలోలకు పెరుగుతుంది, ఇద్దరి మధ్య తలా పన్నెండున్నర పడుతుంది. మూడింతలకు పైగా ఉన్నది ఒకటింబావుకు దిగుతుంది. బస్తాలను లారీ మీదికి చేర్చే బెల్టు లోడరు యంత్రం అద్భుతమే, కానీ బురదలో, కరెంటు లేని కల్లంలో అది నిలవదు. దాన్ని మిల్లులకు, గోదాములకు వదిలేయండి. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలకైనా, అంటే మిర్చి బస్తాలకైనా ఈ లెక్కే.

పనిని మనిషి ఒంటికి తగ్గట్టు మలిచే శాస్త్రం ఎర్గోనామిక్స్. ఆ మాట మన దగ్గర ఎక్కడ వినిపిస్తుందో గమనించారా? మాదాపూర్‌లో కుర్చీల షోరూముల్లో. స్క్రీన్ ఎత్తు, మోచేతి కోణం, అరగంటకోసారి లేచి నడవడం, అన్నీ అవసరమే. కూర్చునేవాడి నడుముకు ఒక శాస్త్రం, ఒక మార్కెట్ ఉన్నాయి. మోసేవాడి నడుముకు కనీసం ఒక పేరు కూడా లేదు. పేరు లేదన్నది మాటవరసకు అన్నది కాదు. ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి జబ్బులు 29 ఉండేవి. సీసం, పాదరసం, సిలికోసిస్, ఆంత్రాక్స్, చివరికి నూనె వల్ల వచ్చే మొటిమలు కూడా ఉన్నాయి. అరిగిన డిస్కు లేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోకి ఆ జాబితా అలాగే నడిచొచ్చింది. జాబితాలో లేని జబ్బును డాక్టరు రిపోర్టు చేయనక్కర్లేదు. రిపోర్టు లేదు కనుక అంకె లేదు. అంకె లేదు కనుక ‘సమస్య తీవ్రత తెలియదు’ అని ఫైలు మూసేస్తారు. నలభై ఐదేళ్లకే బస్తా ఎత్తలేక వాచ్‌మన్ పనికి మళ్లినవాడు ఆ లెక్కల్లో ఆరోగ్యవంతుడే.

ధాన్యం తేమను 17 శాతం దగ్గర పట్టుకునే మీటరు ప్రతి కేంద్రంలో ఉంది, మోసేవాడి నడుము మీది భారాన్ని పట్టుకునేదే లేదు. జాబితాలో అరిగిన డిస్కును ముప్పయ్యో జబ్బుగా చేర్చడం ఢిల్లీ పని, దానికి ఏళ్లు పట్టవచ్చు. బస్తాకు అంత అక్కర్లేదు. సీజన్‌కు ముందు మన పౌరసరఫరాల సంస్థలు గోనె సంచులకు ఇండెంటు, అంటే ముందస్తు ఆర్డరు పెట్టుకుంటాయి, దాన్ని చూసేది కోల్‌కతాలోని జ్యూట్ కమిషనర్ కార్యాలయం. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి వచ్చే ఇండెంటులో సంచి కొలతలు మార్చమని అడగాలి, కనీసం ఒక్కో జిల్లాకు సరిపడా.