వ్యాపారం రక్తంలో ఉండక్కర్లేదు, చెరువు గట్టున నేర్పొచ్చు

గోదావరి జిల్లాల కాలేజీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "సైన్సు పిల్లలకు వ్యాపారం నేర్పడం దండగ. అది రక్తంలో ఉండాలి. ఐడియాలో దమ్ముంటే దానంతటదే అమ్ముడవుతుంది. పేటెంటు తీసుకుంటే ఎవడూ ముట్టుకోలేడు. మనవాళ్లకు లేనిది పెట్టుబడే. భీమవరంలో పుట్టి మందులు కనిపెట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుకి వ్యాపారం ఎవరు నేర్పారు?" దీన్ని నమ్మితే నష్టపోయేది పిల్లలు. అందుకే ఈ జవాబు.

దమ్ము సంగతి ముందు చూద్దాం. రొయ్యల చెరువులో డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, 4 పీపీఎం (పది లక్షల వంతుల్లో నాలుగు) కన్నా తగ్గితే ఫోనుకి మెసేజ్ పంపే పరికరం చేశారనుకోండి. ల్యాబ్‌లో కుళాయి నీళ్లలో చక్కగా పనిచేస్తుంది. కానీ 30 డిగ్రీల దగ్గర మంచినీళ్లు 7.5 పీపీఎం దాకా ఆక్సిజన్ పట్టుకుంటే, 20 పీపీటీ (వెయ్యి వంతుల్లో ఇరవై వంతులు ఉప్పు) ఉప్పునీళ్లలో అది 6.7 దగ్గరే ఆగిపోతుంది. ఉప్పుకి సవరణ పెట్టని మీటరు 4 చూపిస్తే అసలు ఉన్నది 3.6. కొన్ని రోజులకే సెన్సరు మొనకి పాచి పట్టి రీడింగు తప్పుతుంది. తుడిచే మనిషి కావాలి. డీఓ బాగా పడిపోయేది తెల్లవారుజామున. అప్పుడు రైతు ఊళ్లో నిద్రలో ఉంటాడు, గట్టు మీద ఉండేది కాపలా మనిషి. అతనికి కావలసింది షెడ్డులో సైరన్. కరెంటు పోయి ఏరేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, ఆగినప్పుడే గండం. బ్యాటరీ లేకపోతే పరికరం కూడా అప్పుడే ఆగిపోతుంది. ఐడియా ఎంత గట్టిదైనా ఇవన్నీ చూసుకోకపోతే రెండో చెరువుకి వెళ్లదు.

ఇవి కనుక్కోవడం రక్తంలో ఉండే విద్య కాదు. మొదటి నెల పిల్లల్ని సోల్డరింగ్ ఐరన్ (వైర్లు అతికే పనిముట్టు) ముట్టుకోనివ్వకండి. ఇద్దరిద్దరు చొప్పున జట్లు చేసి, రొయ్యల చెరువులున్న ఆకివీడు వైపు పంపాలి. ఒక్కో జట్టు ఇరవై మంది రైతులతో మాట్లాడాలి. "మా పరికరం కొంటారా?" అని అడగొద్దు, మొహమాటానికి అందరూ కొంటామంటారు. పోయిన పంటలో ఆక్సిజన్ చాలక రొయ్య పైకి తేలినప్పుడు ఏం చేశారు, ఎంత పోయింది, ఇప్పుడు డీఓ ఎవరు చూస్తున్నారు అని అడగాలి. జవాబులు రికార్డులో రాయాలి. తర్వాత ఒకే చెరువులో పంట మొత్తం నడపాలి. పరికరం రీడింగుని వారానికి రెండుసార్లు వింక్లర్ టైట్రేషన్‌తో, అంటే నీళ్లలోని ఆక్సిజన్‌ని రసాయనాలతో కొలిచే పద్ధతితో, సరిచూడాలి. కెమిస్ట్రీ పిల్లలకు అది వచ్చిన పనే. తేడా 0.5 పీపీఎం దాటితే ఫెయిలని ముందే రాసిపెట్టుకోవాలి, లేకపోతే చివర్లో ఎవరికి తోచిన సాకు వాళ్లు చెబుతారు.

పేటెంటుకి ఐడియా ఒక్కటే చాలదు. కొత్తదనం, తెలిసినవాళ్లకి కూడా ఇట్టే తట్టని మెలిక కావాలి. మన చట్టంలో సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకి పేటెంటు రాదు. నిజంగా కొత్తది దొరికితే ప్రాజెక్టు ఎక్స్‌పోలో పెట్టకముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయాలి, 12 నెలల్లోగా పూర్తి వివరాలు ఇవ్వాలి. ముందు బయటపెడితే కొత్తదనమే పోవచ్చు.

సుబ్బారావుగారు 1940లో అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. ల్యాబ్‌లో దొరికినదాన్ని పెద్దఎత్తున తయారుచేసి అమ్మే యంత్రాంగం ఆ కంపెనీకి ఉండేది. మన డిగ్రీ పిల్లలకు అది లేదు, కాబట్టే నేర్పాలి.

ఇక పెట్టుబడి. డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో తెలియకుండా అప్పు తెచ్చిస్తే ఇంకా ప్రమాదం. వనామీ (ఇక్కడ ఎక్కువగా పెంచే రొయ్య రకం) పంట సుమారు నాలుగు నెలలు. మేత కూడా చాలామంది డీలరు దగ్గర అరువుకే తెచ్చి, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక తీరుస్తారు. పరికరం కూడా అరువుకే అడుగుతారు. విడిభాగాలకు 9,000 రూపాయలు అనుకుంటే, యాభై అరువుకిస్తే 4.5 లక్షలు పట్టుబడి దాకా చేతికి రావు. పెట్టె, కేబులు, తిరిగే పెట్రోలు, పాడైన సెన్సరు మార్పిడి, డీలరు కమీషను ఇందులో ఇంకా కలపలేదు. మధ్యలో తెల్లమచ్చ అనే రొయ్యల జబ్బు వచ్చి చెరువు ఖాళీ చేస్తే ఆ బాకీ మీద ఆశ వదులుకోవాల్సిందే. అదే పరికరాన్ని ముందస్తు జమతో నెల అద్దెకిచ్చి, సెన్సరు శుభ్రం చేసే పని కూడా అందులోనే కలిపితే డబ్బు నెలనెలా తిరుగుతుంది, పరికరమూ మన చేతిలోనే ఉంటుంది. బ్యాంకు దరఖాస్తు కన్నా ముందు ఈ రెండు లెక్కలూ పిల్లల చేత పక్కపక్కన వేయించండి.