తొంభై శాతం కుళాయి

(వంటగది. సింకు కింద నడుము దాకా దూరిపోయిన, సాఫ్ట్‌వేర్ ఇంజనీరైన శ్రీవారి కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. శ్రీమతి టార్చి పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నది.)

శ్రీమతి: కొత్త కుళాయి అరగంటలో బిగించేస్తానని మీరు సింకు కిందికి దూరి రెండు గంటలు దాటింది. టార్చి పట్టుకున్న నా చెయ్యి బిగుసుకుపోయింది గాని, కుళాయి మాత్రం ఇంకా బిగుసుకోలేదు.

శ్రీవారు: తొంభై శాతం పని పూర్తయింది.

శ్రీమతి: ఆ మాట మీరు గంట క్రితం కూడా అన్నారు.

శ్రీవారు: అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో పనిచేసిన టామ్ కార్గిల్ చెప్పిన మాట తెలిస్తే నువ్విలా దెప్పవు. కంప్యూటరు ప్రోగ్రాములో మొదటి 90 శాతం రాయడానికి గడువులో 90 శాతం పడుతుందట, మిగిలిన 10 శాతం రాయడానికి మరో 90 శాతం పడుతుందట.

శ్రీమతి: రెండూ కలిపితే 180 అవుతుంది. మీ ఆఫీసులో లెక్కలు ఎవరూ సరిచూడరా?

శ్రీవారు: ఆ ఎక్కువైన 80 శాతంలోనే కదా హాస్యమంతా ఉన్నది! అది విన్నప్పుడు గడువు పెట్టిన మేనేజరుకు నవ్వు రాదు గాని, మిగతా అందరికీ వస్తుంది.

శ్రీమతి: ఇంట్లో కూడా ఒకరికి రావడం లేదు. పోనీ, సాయానికి కింది వాటా ఆయనను పిలవమంటారా?

శ్రీవారు: పొరపాటున కూడా ఆ పని చెయ్యకు! ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనిలో కొత్త మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడరిక్ బ్రూక్స్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1975లోనే రాశాడు. కొత్తవాడికి పని నేర్పడానికి పాతవాడు తన పని ఆపుకోవాలి; పైగా మనుషులు పెరిగేకొద్దీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన జతలు పెరిగిపోతాయి. ఐదుగురుంటే 10 జతలు, పదిమందైతే ఏకంగా 45.

శ్రీమతి: పదిమందిలో పాము చావదని మా నాయనమ్మ ఏ జతలూ లెక్కపెట్టకుండానే చెప్పింది. అయినా ఇక్కడ ఉన్నది ఒక్కరే, పాము ఇంకా బతికే ఉంది.

శ్రీవారు: ఎగతాళి చెయ్యకు. మా ఇంజనీర్ల సామెతలు ఊరికే పుట్టలేదు, దెబ్బలు తిని పుట్టాయి. 1949లో అమెరికా వైమానిక దళం వారు, రాకెట్ బండి హఠాత్తుగా ఆగినప్పుడు మనిషి ఒంటి మీద ఎంత బలం పడుతుందో తేల్చుకోవాలని పరీక్షలు చేస్తున్నారు. ఎడ్వర్డ్ మర్ఫీ అనే ఇంజనీరు కొలిచే పరికరాలు పట్టుకొచ్చాడు. తీరా బండి నడిపి చూస్తే అన్నీ సున్నాయే చూపించాయి. విప్పి చూసేసరికి తీగలు తిరగేసి కలిపి ఉన్నాయి. ఒక పనిని తప్పుగా చేసే దారంటూ ఉంటే, వెతుక్కుని మరీ ఆ దారినే పోయే మనిషి ఒకడు ఉంటాడని మర్ఫీ విసుక్కున్నాడట. మర్ఫీ నియమం అలా పుట్టింది.

శ్రీమతి: ఆ తీగలు కలిపిన పెద్దమనిషి ఇంటికి వెళ్లాక అతని భార్య ఏమన్నదో మాత్రం ఎవరూ రాసుకోలేదన్నమాట.

శ్రీవారు: సరే, అయిపోయింది! తిప్పి చూడు.

(శ్రీమతి నీలం చుక్క ఉన్న పిడి తిప్పి, నీటి కింద వేలు పెట్టి, చటుక్కున వెనక్కు లాక్కున్నది.)

శ్రీమతి: చన్నీళ్లు తిప్పితే వేణ్ణీళ్లు వస్తున్నాయి.

(సింకు కింద నిశ్శబ్దం. ఇంజనీర్ల ఇళ్లలో ఇటువంటి నిశ్శబ్దానికి బరువెక్కువ.)

శ్రీవారు: ఎర్ర చుక్క వైపు తిప్పి చూశావా?

శ్రీమతి: చూశాను. అక్కడ చన్నీళ్లు భేషుగ్గా వస్తున్నాయి.

శ్రీవారు: ఇందులో నా తప్పేమీ లేదు. రెండు గొట్టాలకూ ఒకే కొలత మర పెట్టినవాడిది తప్పు; దేన్ని ఎటు బిగించినా పట్టేస్తున్నది. మర్ఫీ ఉంటే వాణ్ణి నిలదీసేవాడు.

శ్రీమతి: ఆడలేక మద్దెల ఓడన్న సామెతను మీ వాళ్లు ఏ సంవత్సరంలో కనిపెట్టారండీ?

శ్రీవారు: అది లోపం కాదు, అదనపు సౌకర్యమని మా ఆఫీసులో ఒక మాట ఉన్నది. ఆ రెండు చుక్కలూ గోటితో పీకి, అటుదిటూ ఇటుదటూ అంటించేస్తే…

శ్రీమతి: బయటికి రండి. టార్చి మీరు పట్టుకుని, పానా ఇటివ్వండి.

శ్రీవారు: ఆలస్యమైన పనిలో కొత్తవాళ్లు చేరకూడదని బ్రూక్స్…

శ్రీమతి: నేను చేరడం లేదు. మిమ్మల్ని తీసేస్తున్నాను.