నాలుగో జడ్జి

టీవీలో ఏ వంటల పోటీ పెట్టినా మనకి ముగ్గురు జడ్జీలే కనిపిస్తారు. నాలుగో జడ్జి కనిపించడు, ఎందుకంటే ఆయన కెమెరాకి ఇటువైపు, సోఫాలో, ఒక కాలు టీపాయ్ మీద పెట్టుకుని, ఒళ్లో కారప్పూస డబ్బాతో కూర్చుని ఉంటాడు. జీతం లేదు, కోటు లేదు, టైటిల్స్‌లో పేరు లేదు. అయినా సరే, ఎవరూ అడక్కుండానే, ఎపిసోడ్ వెంట ఎపిసోడ్ తీర్పులిచ్చుకుంటూ పోతున్న ఈ వర్గం గురించి నాలుగు మంచి మాటలు రాసినవాడు లేడు. ఆ వర్గంలో సీనియర్‌ని కాబట్టి నేనే పూనుకోవాల్సి వస్తోంది.

ముందు అర్హతల సంగతి తేల్చేద్దాం. "స్టవ్ వెలిగించడం రాదు గానీ..." అని మా ఇంట్లో ఒక వాక్యం తరచూ మొదలవుతుంది. ఎప్పుడూ పూర్తవదు. పూర్తి చేయక్కర్లేకుండానే వచ్చిన చుట్టాలు కూడా నవ్వేస్తారు. ఇది అన్యాయం. కోహ్లీ ఆ బంతిని వదిలేయాల్సింది అనేవాడిని నీకు బ్యాట్ పట్టుకోవడం వచ్చా అని ఎవరైనా అడుగుతున్నారా? పైగా వంట వచ్చినవాళ్లు జడ్జీలుగా పనికిరారు. పాకం ముదిరిపోయి ఎవరైనా ఏడుస్తుంటే, "అయ్యో పాపం, నాకూ సంక్రాంతికి ఇలాగే అయింది" అని మా ఆవిడ కరిగిపోతుంది. నాకు ఆ బలహీనత లేదు. నేను ఏ పాకమూ పట్టలేదు కాబట్టి నాకు ఏ పాకమూ ముదరలేదు, అందుకని పూర్తి నిష్పక్షపాతంగా "ఎలిమినేట్" అనగలను.

నాలుక మీద వేసుకోకుండా తీర్పేమిటి అని ఇంకో అభ్యంతరం. దీనికి మన తెలుగు ఛానళ్లే ఎప్పుడో సమాధానం చెప్పేశాయి. మధ్యాహ్నం పూట వచ్చే వంటల ప్రోగ్రాములు గుర్తు తెచ్చుకోండి. పెళ్లికి వెళ్లేంత పట్టుచీరలో యాంకరు, పక్కన వంట చేసే ఆవిడ, తెర మీద 'కావలసిన పదార్థాలు' అని ఒక పట్టిక. మనింట్లో పెన్ను దొరికేలోపు ఆ పట్టిక మాయమయ్యేది, అందుకే ఆ కాలం నోటు పుస్తకాలు తీసి చూస్తే సగం వంటలు జీలకర్ర దగ్గరే ఆగిపోయి ఉంటాయి. సరే, చివర్లో యాంకరు చెంచా అందుకునేది. చెంచా నోటికి ఇంకా బెత్తెడు దూరంలో ఉండగానే "మ్మ్... సూపర్‌గా ఉందండీ!" అనేసేది. నేను చూసినంతలో ఆ ప్రోగ్రాముల్లో ఏ కూరా మాడలేదు, ఏ రోజూ ఉప్పు ఎక్కువవలేదు. అంటే తినడం వేరు, బాగుందని చెప్పడం వేరు, రెండోదానికి మొదటిది అడ్డం తప్ప మరేం కాదు అన్నమాట.

పెద్ద పోటీల్లోనూ ఇంతే. వంటలన్నీ ముగిసి, పోటీదారుల్ని ఒక్కొక్కరినీ పిలిచి, లైట్లూ కెమెరాలూ సర్దుకునేసరికి ప్లేటు చల్లారిపోతుంది. అందుకే జడ్జీలు వంట జరుగుతుండగానే బల్లల మధ్య తిరుగుతూ గిన్నెల్లోంచి రుచి చూసి పెట్టుకుంటారు. మనకి చూపించే ఆ చివరి ముద్ద, ఆ కళ్లు మూసుకోవడం, ఆ నిట్టూర్పు, చెంచా కింద పెట్టి పోటీదారు వైపు రెండు నిమిషాలు చూస్తూ ఉండిపోవడం, ఇదంతా చల్లారిపోయిన కూర మీద జరిగే అభినయం. నేను కారప్పూస నములుతూ చేసేదానికీ దానికీ పెద్ద తేడా నాకైతే కనపడలేదు. వాళ్లకి మేకప్ ఉంటుంది, అంతే.

ఈ విద్య మనది కాదు లెండి. మాస్టర్‌షెఫ్ అనే వంటల పోటీని 1990లో బ్రిటన్‌లో మొదలుపెట్టారు. 1993లో మన దగ్గర జీ టీవీలో ఖానా ఖజానా వచ్చింది, సంజీవ్ కపూర్ నవ్వుతూ ఉల్లిపాయలు తరుగుతుంటే దేశమంతా నేర్చుకుంది. సరిగ్గా అదే ఏడాది జపాన్‌లో ఐరన్ షెఫ్ అని పెట్టి వంటవాళ్లని యుద్ధానికి దింపారు. వండటం నేర్పే పద్ధతి ఒకటి, వండేవాళ్లని ఓడించే పద్ధతి ఒకటి. చివరికి ఏది గెలిచిందో మీకు తెలుసు. 2010లో మాస్టర్‌షెఫ్ హిందీలోకి వచ్చింది, లక్నోలో టీచర్‌గా చేస్తున్న పంకజ్ భదౌరియా ఉద్యోగం వదిలేసి వచ్చి మొదటి సీజన్ గెలిచింది. 2021లో జెమినీ టీవీ పుణ్యమా అని తెలుగులోకీ వచ్చేసింది. సంజయ్ తుమ్మ, చలపతిరావు, మహేష్ పడాల జడ్జీలు. హోస్ట్‌గా తమన్నా మొదలుపెట్టింది, తర్వాత అనసూయ వచ్చింది. గడియారం మాత్రం మారలేదు. 2025లో స్టార్ మాలో వంటతో పాటు కామెడీ కూడా కలిపి కుక్కు విత్ జాతిరత్నాలు అని ఒకటి వేశారు, మా అబ్బాయి పడి పడి నవ్వాడు గానీ మాలాంటి సీరియస్ జడ్జీలకి అది అవమానంగా ఉండేది.

వంటల పోటీని వంటింటి విషయం అనుకునే వాళ్ల కోసం ఒక రాజకీయ ఉదాహరణ. 2010 జులైలో ఆస్ట్రేలియాలో ఎన్నికల ప్రచారం. ప్రధాని జూలియా గిలార్డ్‌కీ ప్రతిపక్ష నాయకుడు టోనీ అబాట్‌కీ టీవీలో చర్చ పెట్టారు. అదే ఆదివారం సాయంత్రం మాస్టర్‌షెఫ్ ఫైనల్. ఎవరు పక్కకి జరిగారంటారు? ప్రధానే జరిగింది. చర్చని గంట ముందుకి తెచ్చేసుకున్నారు. దేశాన్ని ఎవరు పాలించాలన్నది ఫైనల్‌లో ఎవరి డెజర్ట్ నిలబడుతుందన్న దానికంటే చిన్న విషయమని రెండు పార్టీలూ కలిసి ఒప్పుకున్న సందర్భం అది. మన అసెంబ్లీల్లో ఇంత ఏకాభిప్రాయం మీరు చూశారా?

సోఫాలకి ఉన్న బలం బ్రిటన్‌లో కూడా తెలిసొచ్చింది. 2014లో కేకుల పోటీలో ఒకాయన చేసిన ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ బయట ఉండిపోయి కరిగిపోతే, ఆయన కోపంతో మొత్తం తీసి చెత్తబుట్టలో వేశాడు, జడ్జీలు ఇంటికి పంపేశారు. బీబీసీకి 800 పైచిలుకు ఫిర్యాదులు వెళ్లాయి. ఆ ఐస్‌క్రీమ్ చుక్క కూడా నోట్లో వేసుకోని జనం రాసినవి. నా గుండె ఉప్పొంగింది.

ఇంకా గొప్పది 2018లో జరిగింది. మలేషియాలో పుట్టిన ఒకావిడ బ్రిటన్ మాస్టర్‌షెఫ్‌లో చికెన్ రెండాంగ్ చేసింది. కొబ్బరిపాలల్లో గంటల తరబడి మగ్గే కూర అది. గ్రెగ్ వాలెస్ అనే జడ్జి, కోడి చర్మం కరకరలాడటం లేదన్నాడు. మన పులుసు చేపని అప్పడంలా విరగలేదేమిటని అడిగినట్టన్నమాట. మలేషియా, ఇండోనేషియా, సింగపూర్, మామూలుగా ఏ వంట ఎవరిదో తేల్చుకోలేక కొట్టుకునే దేశాలు, ఒక్కటైపోయాయి. ఎన్నికల హడావిడిలో ఉన్న మలేషియా ప్రధాని కూడా ఇందులో చెయ్యి పెట్టాడు. రెండో జడ్జి జాన్ టొరోడ్ చల్లార్చే ప్రయత్నంలో రెండాంగ్ ఇండోనేషియాదేమో అని ట్వీటేసి, చివర్లో నమస్తే అని పెట్టాడు. ఎవరికి పెట్టాడో ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ దేశాలన్నీ వాలెస్‌ని తిట్టాయి గానీ నేను మాత్రం ఆయన పక్షమే. తెలియని వంట గురించి తడుముకోకుండా చెప్పగలగడమే కదా మా వృత్తికి పునాది.

ఆ స్ఫూర్తితోనే నేను మా ఇంట్లో సంస్కరణలు మొదలుపెట్టాను. ముద్దపప్పు కలుపుకుని, కళ్లు మూసుకుని, కాసేపు మౌనంగా ఉండి, "ఇందులో క్రంచ్ ఎలిమెంట్ మిస్సయింది" అన్నాను. మా ఆవిడ గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్లీ గిన్నె వైపు చూసింది. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఉంటే అది సీజన్‌లోనే గొప్ప సీన్ అయ్యేది. గుత్తివంకాయ గురించి "రుచి బానే ఉంది, కానీ దీని వెనక నీ కథేంటి?" అని అడిగాను, ఎందుకంటే టీవీలో కథ లేకుండా ఎవరూ వంకాయ వండరు, కనీసం ఒక నాయనమ్మ, ఒక పల్లెటూరు, ఒక కట్టెల పొయ్యి ఉండాలి. "రైతుబజార్లో కిలో ఇరవైకి వచ్చాయండీ" అంది. దీనికి కన్నీళ్లు ఎలా పెట్టుకోమంటారు చెప్పండి. ప్లేటింగ్ గురించి చెబితే మా అమ్మ పక్క గదిలోంచే, "పప్పు ఎక్కడ వెయ్యాలో, పచ్చడి ఎక్కడ వెయ్యాలో విస్తట్లో ఎప్పుడో తేల్చేశార్రా, నువ్వు తిను ముందు" అని కేకేసింది. పోటీదారుల తరఫు బంధువులు జడ్జీలతో వాదించకూడదన్న రూలు తక్షణం రావాలి.

పోటీల్లో ప్రెజర్ టెస్ట్ అని పెడతారు. ఇచ్చిన టైములో క్లిష్టమైన వంటకం తయారు చేయాలి, వరసగా అమర్చిన సామాను, మెరిసే కత్తులు, పైన మిత్రులు చప్పట్లు, టైమ్ అయ్యాక కౌగిలింతలు. పొద్దున ఏడింటికి మా వంటింట్లో కూడా దాదాపు ఇలాంటిదే ఏదో జరుగుతూ ఉంటుంది. ఒక పొయ్యి మీద ఉప్మా, రెండో దాని మీద మధ్యాహ్నం బాక్సుకి బెండకాయ వేపుడు, మధ్యలో అమ్మకి షుగర్ లేని కాఫీ, నాకు షుగర్ ఉన్న కాఫీ, పిల్లాడి సాక్సు ఒకటే దొరికింది, సిలిండర్ అప్పుడే అయిపోయింది, వ్యాన్ హారన్ కొడుతోంది. మా ఆవిడ దీన్ని కూడా ప్రెజర్ టెస్ట్‌గా గుర్తించాలంటుంది. నేను సానుభూతితోనే పరిశీలించాను, కుదరదు. కారణం, ఇందులో ఎలిమినేషన్ లేదు. ఎంత బాగా చేసినా, ఎంత చెడగొట్టినా మర్నాడు పొద్దున మళ్లీ ఆవిడే ఉండాలి. ఓడిపోయే వీల్లేనిది పోటీ ఎలా అవుతుంది? "అయితే ఇమ్యూనిటీ పిన్ ఒకటి ఇవ్వండి, ఆదివారం వాడుకుంటాను" అంది. పోటీల్లో ఎలిమినేషన్ రౌండు తప్పించుకోవడానికి ఇచ్చే పిన్ను అది. అది రూల్స్ బుక్ చూసి చెప్పాలన్నాను. ఇంకా చూస్తున్నాను.

2021 ఆస్ట్రేలియా ఫినాలే గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. కిశ్వర్ చౌధురి అని మెల్‌బోర్న్‌లో ఉండే బెంగాలీ అమ్మాయి ఆఖరి రౌండ్లలోకి వచ్చి, ఏ ఫ్రెంచి గోపురమో కట్టకుండా, పాంతా భాత్ పెట్టింది. రాత్రి నీళ్లలో నానబెట్టిన అన్నం, పక్కన ఆలుగడ్డ ముద్ద, చేప. జడ్జీలు పొగిడారు, ఆవిడ మూడో స్థానంలో నిలిచింది, నేను సోఫాలో లేచి నిలబడ్డాను. అప్పటికప్పుడు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మట్టి వాసన గురించి, పూర్వీకుల జ్ఞానం గురించి, పులియబెట్టిన గంజిలో ఉండే బ్యాక్టీరియా గురించి మంచి ప్రసంగం ఇచ్చాను. అమ్మ అంతా విని, "తరవాణే కదరా ఇది. మా చిన్నప్పుడు వేసవంతా కుండలో ఉండేది, ఆవకాయ నంజుకుని తాగి పొలానికి పోయేవాళ్లు. చుట్టాలొస్తే కుండ పెరట్లో దాచేసేవాళ్లం" అంది. టీవీవాళ్ల ముందు దాచకుండా పెట్టేసిందే ఆ పిల్ల, అని కాసేపు ఆశ్చర్యపోయింది కూడా.

మర్నాడు పొద్దున నా ముందుకి స్టీలు గిన్నెలో రాత్రి మిగిలిన అన్నం, మజ్జిగ, ఒక పచ్చిమిరపకాయ, అడ్డంగా కోసిన ఉల్లిపాయ వచ్చాయి. "టిఫినేదీ?" అన్నాను. "ఇవాళ గ్రాండ్ ఫినాలే అండీ" అంది మా ఆవిడ.

తిన్నాను. బాగుంది, అది వేరే విషయం. జడ్జి అడిగినది ఒకటి, వచ్చినది ఒకటి.

ఇక ఈ మధ్య తలెత్తిన వివాదం ఒకటుంది. గమనించారో లేదో, ఈ పోటీల్లో నూట యాభై గిన్నెలు వాడతారు, మిక్సీలు, జల్లెడలు, పాకం అంటుకున్న గరిటెలు ఉంటాయి, కానీ ఎవరూ అంట్లు తోమరు. బ్రేక్ తర్వాత చూసేసరికి బల్ల అద్దంలా ఉంటుంది. తోమేవాళ్లకి మ్యూజిక్ లేదు, కథ లేదు, కెమెరా లేదు. మా పనమ్మాయి పండక్కి ఊరెళ్లిన వారం ఈ లోటు మా ఇంట్లో బాగా బయటపడింది. జడ్జి తిన్న ప్లేటు జడ్జే కడగడం నేను ఏ దేశపు సీజన్‌లోనూ చూడలేదని లిఖితపూర్వకంగా, అంటే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో, తెలియజేశాను. అమ్మ ఆ మెసేజ్‌కి నవ్వే బొమ్మ పెట్టింది. మా ఆవిడ ఏమీ పెట్టలేదు. వంటింట్లోంచే పిలిచింది: "ఏవండీ, మీకు కావాల్సిన క్రంచ్ ఎలిమెంటు మూకుడు అడుగున అంటుకుపోయింది, వచ్చి గీక్కోండి."