రెనీ మాంట్‌గోమరీ ఉత్సవ విగ్రహం కాదు

ఈ వారంలో అదే సందేశం నాకు నాలుగోసారి వచ్చింది. పంపిన నలుగురూ చదువుకున్నవాళ్లే, అందులో ముగ్గురు అట్లాంటా చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్లే. 'ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి మహిళల బాస్కెట్‌బాల్ జట్టును ఎలా కాజేశాడో తెలుసా?' అని మొదలవుతుంది. లారీ గాటెస్‌డీనర్ అనే ఆయన అట్లాంటా డ్రీమ్ జట్టును ఒక మహిళా సెనేటర్ చేతిలోంచి లాక్కున్నాడట. స్థలాల మీద కన్నేసి కొన్నాడట. జట్టును చిన్న హాల్లోకి నెట్టేశాడట. ఎవరూ చూడని ఆటట. జనాన్ని నమ్మించడానికి రెనీ మాంట్‌గోమరీ అనే నల్లజాతి క్రీడాకారిణిని ఉత్సవ విగ్రహంలా పక్కన నిలబెట్టుకున్నాడట. మూడుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నాలుగోసారి, స్కూలు జట్టులో ఆడే మా అమ్మాయి నా ఫోనులో దాన్ని చదివి 'నాన్నా, ఇది నిజమా?' అని అడిగింది. ఇక ఊరుకోలేను.

స్థలాల సంగతి ముందు తేల్చేద్దాం. మనకు రియల్ ఎస్టేట్ అనగానే వెంచర్లు, హద్దురాళ్లు, ప్లాట్లు గుర్తొస్తాయి. గాటెస్‌డీనర్ సంస్థ నార్త్‌లాండ్ మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో ఉంది; దాని ప్రధాన వ్యాపారం అద్దె అపార్ట్‌మెంట్లు. డ్రీమ్ ఆడుతున్న గేట్‌వే సెంటర్ హాలు, అట్లాంటా పక్కనున్న కాలేజ్ పార్క్ నగరపాలక సంస్థ ఆస్తి. కాజేయడానికి అక్కడ ఆయనకు ఏ స్థలం ఉంది?

చిన్న హాలు మాట నిజమే, అందులో పట్టేది 3,500 మందే. కానీ అక్కడికి మారాలన్న నిర్ణయం 2019లో, పాత యజమానులు ఉండగా జరిగింది. కొత్తవాళ్ల చేతికి జట్టు వచ్చింది 2021 ఫిబ్రవరిలో.

ఎవరూ చూడని ఆట అంటారా? 2024లో ఇండియానా ఫీవర్‌తో పోటీని పెద్దదైన స్టేట్ ఫార్మ్ అరీనాకు మారిస్తే 17 వేల మందికి పైగా వచ్చారు. వాళ్లలో చాలామంది ఫీవర్ తార కెయిట్లిన్ క్లార్క్ కోసం వచ్చారు, ఒప్పుకుంటాను. అయినా చూసింది మహిళల ఆటనే కదా.

ఇక లాక్కోవడం. సందేశంలోని ఆ మహిళా సెనేటర్, అప్పటి సహ యజమాని కెల్లీ లెఫ్లర్. ఆమె 2020 జులైలో డ్రీమ్ ఆడే మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ కమిషనర్‌కు లేఖ రాసి, నల్లజాతివారిపై వివక్షకు వ్యతిరేకంగా సాగిన 'బ్లాక్ లైవ్స్ మ్యాటర్' ప్రచారాన్ని వ్యతిరేకించారు. ఆగస్టులో ఆమె సొంత జట్టు క్రీడాకారిణులే, సెనేట్ ఎన్నికల్లో ఆమె మీద పోటీ చేస్తున్న రాఫెల్ వార్నాక్‌కు ఓటేయమని రాసిన చొక్కాలు తొడుక్కుని వచ్చారు. జట్టును అమ్మేయమని ఆమెను బలవంతం చేయబోమని కమిషనర్ క్యాథీ ఎంగెల్‌బర్ట్ బహిరంగంగానే చెప్పారు. 2021 జనవరి 5న జరిగిన రెండో విడత పోలింగులో లెఫ్లర్ ఓడిపోయారు. ఆ తర్వాత ఆమె, సహ యజమాని మేరీ బ్రాక్ జట్టును అమ్మారు. లీగ్ పాలకమండలి ఏకగ్రీవంగా ఆమోదించింది. ఒకరు అమ్మితే ఒకరు కొన్నారు. దీన్ని దోపిడీ అని రాయడానికి చేతులెలా వచ్చాయి? పైగా మహిళ చేతిలోంచి మగవాడు లాక్కున్నాడని బాధపడే ఈ సందేశం ఒక సంగతి దాచింది. కొన్నవాళ్లు ముగ్గురు, అందులో ఇద్దరు మహిళలు. ఒకరు నార్త్‌లాండ్‌లోనే ఉన్నత పదవిలో ఉన్న సుజాన్ అబేర్. రెండోవారు మాంట్‌గోమరీ.

నాకు నిజంగా కోపం తెప్పించిన మాట ఆ ఉత్సవ విగ్రహమే. మిగతావన్నీ తెలియక రాసినవి అనుకోవచ్చు. ఇది మాత్రం ఒక మనిషి కష్టాన్ని ఒక్క ముక్కతో తుడిచిపెట్టడం. కనెటికట్ విశ్వవిద్యాలయ జట్టు 2009లో ఒక్క ఓటమీ లేకుండా 39 పోటీలు గెలిచినప్పుడు బంతి నడిపించింది ఆమె. మిన్నెసోటా లింక్స్‌తో 2015, 2017లలో రెండుసార్లు చాంపియన్. ప్రొఫెషనల్ లీగ్‌లో 11 సీజన్లు ఆడారు, చివరి రెండూ ఇదే డ్రీమ్ తరఫున. 2020లో జాతివివక్షకు వ్యతిరేకంగా పనిచేయడం కోసం ఆ సీజనే వదులుకున్నారు. అప్పటి తన యజమాని లెఫ్లర్‌కు బహిరంగ లేఖ రాశారు. మీలో ఎంతమంది మీ యజమానికి అలాంటి లేఖ రాయగలరు? నేనైతే రాయలేను. ఏడాది తిరగకముందే ఆ జట్టుకే సహ యజమాని, ఉపాధ్యక్షురాలు అయ్యారు. లీగ్‌లో ఆడిన మహిళ అదే లీగ్‌లో ఒక జట్టుకు యజమానిగా, కార్యనిర్వాహకురాలిగా రావడం అదే మొదటిసారి. పెద్ద వాటా గాటెస్‌డీనర్‌దే. అయితే ఏం? పెద్ద వాటాదారు పక్కన కూర్చున్న ప్రతి ఒక్కరూ విగ్రహమేనా? అదే చోట ఒక మగ ఆటగాడు కూర్చుని ఉంటే 'ఆటగాడి నుంచి యజమానిగా' అని మీరే పొగిడి ఫార్వర్డ్ చేసేవారు.

సందేశంలో లేని నిజం ఒకటి నేనే చెబుతాను. కొత్త యజమానుల మొదటి ఏడాది ఘోరంగా గడిచింది. సీజన్ మొదలవడానికి ముందు ప్రధాన కోచ్ వెళ్లిపోయారు, ఆమె స్థానంలో బాధ్యత తీసుకున్నవారు కూడా ఆరోగ్య కారణాలతో మధ్యలోనే తప్పుకున్నారు. 8 గెలుపులు, 24 ఓటములు. ఆ సంవత్సరం విమర్శించి ఉంటే నేనూ గొంతు కలిపేవాణ్ణి. 2025లో అదే జట్టు 30 గెలిచి 14 ఓడింది, తన చరిత్రలోనే అత్యధిక విజయాలు. ఆ తర్వాతి ప్లేఆఫ్ పోటీల తొలి రౌండులోనే ఫీవర్ చేతిలో ఓడిపోయిందనుకోండి, ఆ బాధ నాకింకా తగ్గలేదు.

లాభం కోసం కొన్నాడనే మాటనూ కాదనను. 2025లో ప్రకటించిన మూడు కొత్త జట్లకు ప్రవేశ రుసుమే 25 కోట్ల డాలర్ల చొప్పున. అంతకు నాలుగేళ్ల ముందు కొన్నవారికి అది మంచి బేరమే. వ్యాపారి లాభం చూసుకున్నాడు. కానీ లాభం చూసుకోవడం వేరు, దొంగతనం వేరు.

మా అమ్మాయికి ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను. గ్రూపులోనూ పెట్టాను. సందేశం పంపిన నలుగురిలో ఒక్కరు మాత్రం తమది తొలగించారు.