మందారం ముందు మాన్యువలా, ఆటోనా?

కొత్త కెమెరా కొన్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు పడే గొడవే ఇది. పూలూ చెట్లూ తీయడం నేర్చుకోవాలంటే మొదటి రోజు నుంచే అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్‌లో కుస్తీ పట్టాలా, లేక కొంత పని కెమెరాకి వదిలేసి పువ్వు మీద మనసు పెట్టాలా? తమ్ముడు ఈమధ్యే 18-55 కిట్ లెన్స్‌తో మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాడు. అక్క చాలా ఏళ్ళుగా మేడ మీద కుండీల్లో పూలు తీస్తోంది. ఇద్దరికీ నోరు ఎక్కువే. నా మాట ఆపుకోలేని చోట బ్రాకెట్లో పెడతాను, ఏమీ అనుకోకండి.

తమ్ముడు: ముందే చెప్తున్నా అక్కా, ఆటోలో తీయడానికైతే నాకు ఫోనే చాలు. ఇంత డబ్బు పోసి కొన్నాక కూడా అన్నీ అదే చూసుకుంటే ఇక నేను చేసేదేముంది, బటన్ నొక్కడమేగా? వెనకాల బ్లర్ కూడా ఫోనే చేసి పెడుతుంది. అంచుల్లో కేసరాలు సగానికి తెగిపోతాయనుకో, అది వేరే సంగతి.

అక్క: పూర్తి ఆటోలో తియ్యమని నేనెప్పుడన్నానురా? దాని జోలికి నేనూ పోను. అపెర్చర్ ప్రయారిటీలో పెట్టుకోమన్నా, అంతే. లెన్స్‌లోంచి వెలుగు దూరే కంత, అదే అపెర్చర్, నువ్వు పెట్టి ఎంత లోతు షార్ప్‌గా రావాలో చెప్తావు, షట్టర్ స్పీడు కెమెరా చూసుకుంటుంది. వెలుగు ఎక్కువో తక్కువో అనిపిస్తే కాంపెన్సేషన్ డయల్ మైనస్‌కో ప్లస్‌కో తిప్పుతావు. కొత్తలో ఇంతకంటే అక్కర్లేదు.

తమ్ముడు: కెమెరా అసలు ఏం కొలుస్తోందో తెలియకుండా ఆ ప్లస్సులూ మైనస్సులూ తిప్పి ఏం లాభం?

అక్క: అది తెలుసుకోవడానికి మాన్యువల్ ఎందుకు, ఒక్క నందివర్ధనం పువ్వు చాలు. ఫ్రేమ్ నిండా తెల్ల పువ్వు పెట్టి తీసి చూడు, మాసిన తెలుపులో వస్తుంది. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌కి పువ్వూ తెలీదు, గోడా తెలీదు. ఎదురుగా ఏది పెట్టినా సగటున అదంతా మధ్యస్థపు బూడిద రంగే అనుకుని లెక్క కడుతుంది. ఒకటో ఒకటిన్నరో స్టాప్ ప్లస్ చెయ్యి (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు), తెలుపు తెల్లగా వస్తుంది. అదే వెనకంతా నీడ, ముందు ఒకే ఒక్క బంతిపువ్వు మీద ఎండ ఉందనుకో, చుట్టూ ఉన్న చీకటి చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, పువ్వు తేలిపోతుంది. అక్కడ మైనస్. ఈ రెండు పూలూ తీస్తే మీటర్ సంగతి సగం తెలిసిపోయినట్టే.

తమ్ముడు: మరి ఎర్ర మందారం సంగతేంటి? వెలుగు ఎంతుందో చూపించే గ్రాఫ్, హిస్టోగ్రామ్, మరీ వెలుగైపోయిందని చెప్పే కుడి అంచుకి తగలను కూడా లేదు, అయినా రేకలో ఒక్క ఈనె కనిపించలా. ఎరుపంతా ఒకటే ముద్ద.

అక్క: నువ్వు చూసింది తెల్ల హిస్టోగ్రామ్. అది మూడు రంగుల్నీ కలిపేసి చూపిస్తుంది, పైగా ఆ కలపడంలో ఆకుపచ్చకే ఎక్కువ వాటా. అందుకే ఎర్ర చానెల్ ఎప్పుడో నిండిపోయినా మొత్తం మీద బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మెనూలో ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఉంటుంది, అది పెట్టుకో, మూడు రంగులూ విడివిడిగా వస్తాయి. తంగేడు, చేమంతి లాంటి పసుపు పూలైతే ఎరుపూ ఆకుపచ్చా రెండూ నిండుతాయి, పసుపంటే కెమెరాకి ఆ రెండూ కలిసిందే కాబట్టి. ఎరుపు అంచుకి తగలకుండా ఆగేదాకా మైనస్ తిప్పు, ఆకులు కాస్త నల్లబడ్డా, సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే రా ఫైల్లో పైకి లాక్కోవచ్చు. పోయిన ఈనెలు మాత్రం తిరిగి రావు.

తమ్ముడు: చూశావా, నువ్వు చెప్పిందే నా వాదన కూడా! ఆ పువ్వుకి సరిపోయే ఎక్స్‌పోజర్, అంటే లోపలికి ఎంత వెలుగు రానివ్వాలన్నది, ఒకసారి దొరికాక అది ఇక కదలకూడదు. ఎండ మారలేదు, పువ్వు మారలేదు, నేను రెండడుగులు పక్కకి జరిగానంతే. వెనక తెల్ల గోడ వచ్చిందని నీ అపెర్చర్ ప్రయారిటీ స్పీడు మార్చేస్తుంది, నీ మైనస్ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. మాన్యువల్లో అయితే పువ్వు మీద పడే వెలుగు మారితే తప్ప నేను దేన్నీ ముట్టుకోను.

(ఈ పాయింటు తమ్ముడిదే. అక్క కూడా కాసేపు తడుముకుంది.)

అక్క: ఆ లెక్క మారకుండా పట్టి ఉంచడానికి ఎక్స్‌పోజర్ లాక్ అని ఒక బటన్ ఏడిచింది కదరా.

తమ్ముడు: నేల మీద బోర్లా పడుకుని, బొటనవేలితో అది నొక్కి పట్టుకుని, చూపుడు వేలితో ఇది నొక్కి... దానికంటే మాన్యువలే సుఖం. గేర్ల బండి వచ్చినవాడికి స్కూటీ ఓ లెక్కా?

అక్క: గేర్ల మీదే ధ్యాస పెట్టి ఎదురొచ్చే లారీని చూసుకోకపోతేనో? నా భయమంతా అదే. కొత్తవాళ్ళు మాన్యువల్లో తీస్తున్నప్పుడు చూడు, కళ్ళు పువ్వు మీద ఉండవు, కింద అంకెల మీద ఉంటాయి. వెనకాల నీలం డ్రమ్ము, పక్క కుండీ అంచు, బట్టలారేసే తీగ, ఇవేవీ ఇంటికెళ్ళి పెద్ద స్క్రీన్ మీద చూసేదాకా కనిపించవు. ఎక్స్‌పోజర్ అర స్టాప్ తేడా వస్తే సర్దుకోవచ్చు. పువ్వు నెత్తి మీదుగా పోతున్న తీగని ఎవడు సర్దుతాడు?

తమ్ముడు: ఏఐ.

అక్క: నోరు ముయ్యి. ఆ మందారమే తీసుకో. మధ్యలోంచి ముందుకి పొడుచుకొచ్చిన కాడ ఉంటుందా, దాని చివర అయిదు ఎర్రటి చుక్కలు, వాటి వెనక కాడ పొడుగునా పుప్పొడి పట్టిన పసుపు కేసరాలు. అందరూ చేసేదేంటంటే పువ్వుకి ఎదురుగా నిలబడతారు, అప్పుడా కాడ తిన్నగా లెన్స్ వైపు చూస్తుంటుంది. చుక్కల మీద ఫోకస్ చేస్తే కేసరాలు పోతాయి, కేసరాల మీద చేస్తే చుక్కలు పోతాయి, రేకలు ఎలాగూ మసకే. అదే పక్కకొచ్చి, కాడ మొత్తం సెన్సర్‌కి సమాంతరంగా ఉండేలా కూర్చుని తియ్యి. ఎఫ్ 5.6 అపెర్చర్‌కే చుక్కల నుంచి మొదలు దాకా ఇంచుమించు అంతా ఒకే షార్ప్‌నెస్‌లో వస్తుంది, వెనక రేక మెత్తగా కరిగిపోతుంది. ఏ మోడ్‌లో ఉన్నావన్నది ఇందులో ఎక్కడైనా వచ్చిందా? ఎక్కడ కూర్చున్నావన్నదే వచ్చింది.

తమ్ముడు: కదలడమెందుకు, ఎఫ్ అంకె పెంచితే కంత చిన్నదై లోతు పెరుగుతుందిగా, ఎఫ్ 22 పెడితే పోలా?

అక్క: పోదు. అంత చిన్న కంతలోంచి దూరేటప్పుడు వెలుగు చెదిరిపోయి మొత్తం ఫొటో మెత్తబడుతుంది. దగ్గర్నుంచి తీసేటప్పుడు మరీను. నీ కెమెరాకి ఎఫ్ 8, మహా అయితే 11.

తమ్ముడు: మరి ఎప్పుడూ ఆ అమెరికా ఫొటోగ్రాఫర్ ఆవిడ పేరు చెప్తావుగా, ఇమోజెన్ కన్నింగ్‌హామ్. ఆవిడా స్నేహితులూ 1932లో పెట్టుకున్న గుంపు పేరే ఎఫ్ 64! వాళ్ళకి లేని ఇబ్బంది నాకెందుకొచ్చింది?

అక్క: వాళ్ళలో కొందరు వాడిన ఫిల్ము ఒక్కొక్కటి 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడుగు ఉండేదిరా. నీ సెన్సర్ తపాలా బిళ్ళంత కూడా ఉండదు. అంత పెద్ద ఫిల్ము మీద ఎఫ్ 64 అంటే లోతు లెక్కలో నీ కెమెరాకి సుమారు ఎఫ్ 6 అనుకో. కాబట్టి వాళ్ళ లోతు నీకు ఎఫ్ 8లోనే దొరుకుతుంది. ఇంకో సంగతి, ఆవిడ అంత పేరు తెచ్చిన మాగ్నోలియా పువ్వుని 1925లో తీసింది. ముగ్గురు చిన్న పిల్లలతో ఇల్లు కదల్లేని రోజులవి, పెరట్లో ఉన్న మొక్కలే తీసుకుంటూ కూర్చుంది. నువ్వేమో మేడ మీద మందారం వదిలేసి అరకు టికెట్లు చూస్తున్నావు.

తమ్ముడు: ఆవిడ కెమెరాలో అపెర్చర్ ప్రయారిటీ ఉందా అక్కా?

అక్క: ...లేదు.

తమ్ముడు: అంటే మాన్యువలేగా. రాసుకో. ఇక అరకు సంగతి. గులాబీ, మందారం కుండీలో పూస్తాయి, ఒప్పుకుంటా. మోదుగ పూస్తుందా? ఫిబ్రవరి, మార్చిలో ఆకంతా రాలిపోయి చెట్టు చెట్టంతా కాషాయం రంగులో ఉంటే, అది రోడ్డు పక్కనో గుట్ట మీదో చూడాల్సిందే. బతుకమ్మ రోజుల్లో గునుగు, తంగేడు బీడు భూముల్లోనే. గునుగుని సాయంత్రం సూర్యుడికి ఎదురుగా పెట్టి తీస్తే ఒక్కో కంకి చుట్టూ వెలుగు అంచు వస్తుంది. అక్కడ నీ మీటర్ సూర్యుణ్ణి చూసి బెదిరిపోయి అంతా నల్లగా చేస్తుంది. నేను మాన్యువల్లో కంకికి సరిపోయేది పెట్టుకుని హాయిగా తీసుకుంటా.

(ఇదీ తమ్ముడికే. ఊరి బయట వెలుగు కుండీల దగ్గర దొరకదు, ఎవరేమన్నా సరే.)

అక్క: వెళ్ళు, వద్దన్నదెవరు? మోదుగని మాత్రం మిట్టమధ్యాహ్నం తియ్యకు, ఆకాశం తెల్లగా ఉంటుంది, పూలు నల్ల మచ్చల్లా వస్తాయి. పొద్దున్నే సూర్యుడు నీ వీపు వైపు ఉండేలా నిలబడితే వెనక నీలం వస్తుంది, కాషాయం దాని మీద నిలబడుతుంది. అరకులో వలిసె పూలంటావా, అవి పూలతోట కాదు, నూనె గింజల పంట. చేలోకి దిగి తొక్కుతూ ఫొటోలు దిగేవాళ్ళతో రైతులకి విసుగొస్తోంది. గట్టు మీద నుంచే తియ్యి, దిగాల్సి వస్తే అడిగి దిగు.

తమ్ముడు: దిగనులే. బాగా దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్స్ కొంటే గట్టు మీద పూలు చాలు నాకు.

అక్క: వచ్చింది అసలు సంగతి! లెన్స్ కొంటే లోతు పెరుగుతుందనుకుంటున్నావా? పువ్వు అసలు సైజులో సెన్సర్ మీద పడేంత దగ్గరికెళ్తే, ఎఫ్ 8లో షార్ప్‌గా వచ్చేది ఒక మిల్లీమీటరు, అటూ ఇటూగా. చీమ తల వస్తే నడుం రాదు. నువ్వు ఊపిరి పీల్చినా ఫోకస్ తప్పుతుంది. ముందు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు కొను, లోపల గాజేమీ లేని ఖాళీ గొట్టాలు, లెన్స్‌కీ బాడీకీ మధ్య బిగిస్తే నీ కిట్ లెన్సే ఇంకా దగ్గరగా ఫోకస్ అవుతుంది. లెన్స్‌తో కెమెరా మాట్లాడే లోహపు కాంటాక్టులున్నవి చూసి కొను, లేకపోతే అపెర్చర్ మార్చలేవు, ఆటోఫోకసూ ఉండదు. అవి పెట్టినప్పుడు దూరంగా ఉన్నవి ఫోకస్ కావు, కెమెరా పాడైందని టెన్షన్ పడకు.

తమ్ముడు: దగ్గరికి వెళ్ళేకొద్దీ గాలి కూడా పెద్దదవుతుంది కదా అక్కా. పువ్వు ఒక్క వెంట్రుకంత ఊగినా షేక్. ఎఫ్ 8 పెట్టి నువ్వు వదిలేస్తే నీడలో కెమెరా సెకనులో 60వ వంతు ఇస్తుంది. దానికి గాలి తెలుసా? నాకు తెలుసు, 500వ వంతు పెడతా.

అక్క: పొద్దున్నే తీస్తే సగం గాలి ఉండదు. మందారానికి ఉన్నది ఒక్క రోజే, పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుపోతుంది, దానికీ అదే టైము. కాడని బట్టల క్లిప్పుతో పుల్లకి పట్టించు, ఫ్రేమ్‌లో పడకుండా. తెంపి మాత్రం తీయకు. నీళ్ళు చిలకరించుకో, నాకేం అభ్యంతరం లేదు. కదలకుండా ఉంటాయని పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళున్నారు, ఆ పని చేశావో కెమెరా లాక్కుంటా.

తమ్ముడు: గాలికి జవాబు చెప్పలేదు నువ్వు.

అక్క: ఐఎస్ఓ, అంటే వెలుగుకి కెమెరా సున్నితత్వం, పెంచు, స్పీడు అదే పెరుగుతుంది.

తమ్ముడు: మబ్బు వచ్చి పోయిన ప్రతిసారీ పెంచుతూ తగ్గిస్తూ కూర్చోవాలా? ఇలా చేస్తా. మాన్యువల్లో అపెర్చర్ 8, స్పీడు 500వ వంతు కట్టేసి, ఐఎస్ఓ మాత్రం ఆటోలో పెడతా. లోతు నాది, గాలి నాది.

అక్క: ఆహా. మరి వెలుగెంతో తేల్చేదెవరు?

తమ్ముడు: ఐఎస్ఓ.

అక్క: దాన్ని మార్చేదెవరు? కెమెరా. తెల్ల నందివర్ధనం ఎదురైతే మళ్ళీ మాసిన తెలుపే, నువ్వు మళ్ళీ ప్లస్ తిప్పాల్సిందే. రెండడుగులు జరిగితే మారిపోతుందన్నావే, అదీ మారిపోతుంది. ఇంతసేపూ వాదించి నా దగ్గరికే వచ్చావురా.

తమ్ముడు: డయల్ మీద ఎం అని ఉందక్కా. ఎం అంటే మాన్యువల్.

అక్క: పేరేదైతేనేం, కాంపెన్సేషన్ డయల్ తిప్పుతున్నావా లేదా?

తమ్ముడు: ఎం మోడ్‌లో తిప్పుతున్నా.

(ఇక్కడితో ఆపేస్తున్నా, ఎందుకంటే కొన్ని కెమెరాల్లో ఎం మోడ్‌లో ఆటో ఐఎస్ఓ పెడితే ఆ కాంపెన్సేషన్ అసలు పనిచేయదు. తమ్ముడి కెమెరాలో చేస్తుందో లేదో డబ్బాలో వచ్చిన పుస్తకం తెరిచి చూడాలి. దాని కవరు కూడా ఇంకా చింపలేదు.)