సముద్రపు గాలి: జీఎస్టీ అదనం

విశాఖపట్నంలో భూగోళ శాస్త్రం బాగా తెలిసినవాళ్లు ఎవరని ఎవరైనా అడిగితే ఆంధ్రా యూనివర్సిటీ వైపు చెయ్యి చూపించకండి. దగ్గర్లో ఉన్న స్కూటర్ సర్వీస్ సెంటర్‌కి పంపించండి. మెడలో ట్యాగు, చేతిలో ట్యాబుతో అక్కడ నిలబడి ఉండే కుర్రాడిని సర్వీస్ అడ్వైజర్ అంటారు. మన ఊరి గాలి, నేల, కొండ, గుట్టల మీద అతనికున్న పట్టు ఏ ప్రొఫెసర్‌కీ లేదు. మీరు బండి స్టాండ్ వేసే లోపే, దాని వంక ఒక్క చూపైనా చూడకుండా, మొదటి ప్రశ్న వేస్తాడు.

"సార్‌ది ఏ ఏరియా?"

ఎంవీపీ కాలనీ అన్నారనుకోండి, ముఖం దిగాలుగా పెడతాడు. "సాల్ట్ సార్. సముద్రపు గాలి కింద ఛాసిస్ మొత్తం తినేస్తుంది. యాంటీ రస్ట్ కోటింగ్ రాసేస్తున్నా." పోనీ సముద్రానికి దూరంగా గాజువాక అని చెప్పి బయటపడదామా? "డస్ట్ సార్. చుట్టూ ఫ్యాక్టరీలే కదా. థ్రాటిల్ బాడీ క్లీనింగ్ తప్పదు." జ్ఞానాపురం అంటే పోర్టు బొగ్గు పొడి, దానికి ఇంజిన్ డీకార్బనైజింగ్. అడవివరం అంటే సింహాచలం ఘాట్, దానికి క్లచ్. మధురవాడ అంటే రోజూ హైవే, దానికి బెల్టు. పెందుర్తి అని చెప్తే మాత్రం కాస్త తడుముకుంటాడు పాపం. అక్కడ సముద్రమూ లేదు, పోర్టూ లేదు. ట్యాబు మీద వేలు ఆగిపోతుంది. అయినా తేరుకుంటాడు. "అంత దూరం నుంచి వచ్చారు కదా సార్, జనరల్ చెకప్ కూడా చేయించేద్దాం."

ఈ ఊళ్లో ఏ వార్డులో ఉన్నా మీ స్కూటర్ నుదుట ఒక రోగం రాసి ఉంది. ఆ రాత చదవగలిగేది అతనొక్కడే.

ఉప్పు గాలి అబద్ధమని నేను అనడం లేదు. బీచ్ రోడ్డు దగ్గర ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకైనా దిగి చూడండి. సైలెన్సర్ అడుగు, సైడ్ స్టాండ్ స్ప్రింగు, ఫుట్‌బోర్డు కింద రాడ్లు ఎర్రగా పొరలు పొరలుగా లేచి ఉంటాయి. తరచూ మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడుచుకుంటే ఆ తుప్పు చాలావరకు నెమ్మదిస్తుంది. కానీ బకెట్ నీళ్లకు బిల్లు కొట్టడం కుదరదు. అందుకని కోటింగ్. నల్లటి ద్రవమేదో డబ్బాలోంచి తుస్సుమని కొడతారు. ఎక్కడ కొట్టారంటే కింద. కింద ఎక్కడ అంటే లోపల. మట్టి మీద కొట్టారా, తుప్పు మీద కొట్టారా, అసలు కొట్టారా అని తేల్చాలంటే బండిని తలకిందులు చెయ్యాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి సముద్రాన్ని తెచ్చి ఊరి మీద పోసింది. మా పాత స్కూటర్ తురాయి కొమ్మ కింద నానింది. కొమ్మ లాగేసి, ప్లగ్గు విప్పి తుడిచి, ఓపిగ్గా కిక్ కొడితే దగ్గుతూ స్టార్ట్ అయింది. దానికి ఏ కోటింగూ లేదు. మాకు తెలియక ఊరుకున్నాం, దానికి తెలియక నడిచింది.

గోతుల సంగతి మాత్రం ఈ శాస్త్రంలో రాదు. హ్యాండిల్ దగ్గర కోన్ సెట్ ఎందుకు పోయిందయ్యా అంటే "మీ డ్రైవింగ్ స్టైల్ సార్" అంటాడు. తవ్విన రోడ్డు పూడ్చని స్టైల్ గురించి ఎప్పుడూ ఎత్తడు.

బండి అప్పజెప్పి ఆఫీసుకి వెళ్లామా, ఇక అక్కడినుంచి ఫోన్ నాటకం. మనం మేనేజర్ ఎదురుగా కూర్చుని తల ఊపుతున్న సమయం చూసి మరీ ఫోన్ వస్తుంది. "సార్, వాట్సాప్ చూడండి. అప్రూవల్ కావాలి." చూస్తే ఫొటో. తెల్ల టిష్యూ మీద నల్లటి ఎయిర్ ఫిల్టర్. పక్కన ఒక కాగితం టీ కప్పు, దాని అంచు మీద మరక. ఆ ఫిల్టర్ వాలకం చూస్తే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. ఇంతకాలం ఇంత మురికి పీల్చిందా నా బండి అని, మీటింగ్‌లోనే "ఓకే" అని కొట్టేస్తాం.

మా ఆఫీసులో వెనక సీటు ఆయనకీ అదే రోజు ఫొటో వచ్చింది. ఆయనది 125 సీసీ, నాది 110. మోడల్ వేరు, ఫిల్టర్ ఆకారమే వేరు. ఫొటో మాత్రం అదే. అదే టిష్యూ, అదే టీ కప్పు, అదే మరక.

అప్పటినుంచి ఆ ఫిల్టర్ గురించి నాకు ఒకటే ఆలోచన. అది ఎవరి బండిలోంచి వచ్చింది? ఎప్పుడు చేరింది సర్వీసులో? రిటైర్మెంట్ వయసు దాటిపోయి, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో కొనసాగుతోందా? సెలవు లేదు, బదిలీ లేదు. పొద్దున్నే టిష్యూ మీద ఎక్కి పడుకుంటుంది, ఫొటో దిగుతుంది, సాయంత్రం దాన్ని అలమారాలో పెట్టి తాళం వేస్తారు. పొరపాటున కొత్త కుర్రాడెవడైనా చెత్తలో పారేస్తే ఆ బ్రాంచి టార్గెట్ ఏమైపోవాలి? ప్లాంటుని ప్రైవేటుకి అమ్మేస్తామని కేంద్రం నిర్ణయించిన 2021 జనవరి నుంచి స్టీల్ ప్లాంట్ కార్మికుడికి లేని ఉద్యోగ భద్రత ఆ ఫిల్టర్‌కి ఉంది. ఇంటికి వెళ్లాక ఇంకో తమాషా. నా బిల్లులో ఎయిర్ ఫిల్టర్ క్లీనింగ్ ఒక లైను, ఎయిర్ ఫిల్టర్ రీప్లేస్‌మెంట్ ఇంకో లైను. చెత్తలో వేసే ముందు స్నానం చేయించారన్నమాట, మర్యాదగా. అందులోనూ నా బండిది నూనె పట్టించిన కాగితం ఫిల్టర్. దాన్ని గాలి కొట్టి శుభ్రం చెయ్యకూడదు, గడువు వచ్చాక మార్చడమే. కొత్తది కూడా ముట్టుకుంటే జిగటగానే ఉంటుంది. ఈ ముక్క సీటు కింద ఆర్‌సీ జిరాక్సుతో పాటు ముడుచుకుని పడి ఉండే మాన్యువల్ పుస్తకంలోనే ఉంది.

పాత ఫిల్టర్ ఇవ్వండి అన్నాను. "ఎందుకు సార్?" అన్నాడు, నేనేదో వాళ్ల పెరట్లో కరివేపాకు రెమ్మ అడిగినట్టు.

మిగతా లైన్లు గబగబా చదివేద్దాం. లీటరు కూడా పట్టని ఇంజిన్‌కి ఆయిలు సీసా మొత్తం బిల్లు, సీసాలో మిగిలింది ఎటు పోయిందో చెప్పరు. టైర్లకు నైట్రోజన్. మామూలు గాలిలో నూటికి 78 వంతులు నైట్రోజనే, అది బంకుల్లో ఊరికే కొడతారు. కాబట్టి మనం డబ్బు కట్టేది మిగతా 22 వంతుల్ని బయటికి పంపినందుకు. కన్స్యూమబుల్స్ అని ఒకటుంది. ఏమిటవి అంటే "చిన్న చిన్నవి సార్" అన్నాడు. గుడ్డ పీలికలని తర్వాత తెలిసింది. వీటన్నిటి మీదా కేంద్రం తొమ్మిది, రాష్ట్రం తొమ్మిది. 2025 సెప్టెంబర్ 22న బండ్ల విడిభాగాల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి దించారని పేపర్లన్నీ రాశాయి. తగ్గిన ఆ పది శాతాన్ని నేను బిల్లంతా వెతికాను. టెఫ్లాన్ పాలిష్ పక్కన ఎక్కడో నక్కి ఉంటుంది.

ఇక అప్‌గ్రేడ్లు. ముందు బంపర్ గార్డు, వెనక గార్డు, గార్డుకి రబ్బరు, సెల్‌ఫోన్ స్టాండు, ఛార్జర్, రెండు ఎల్ఈడీ కళ్లు. బయట కొట్లో ఎల్ఈడీ పెట్టించుకుంటే వైరు కోశారు కాబట్టి వారంటీ పోతుంది. వాళ్ల దగ్గరే పెట్టించుకుంటే రేటుకి రెట్టింపు పోతుంది. ఏది పోగొట్టుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛ మనదే. ఎలక్ట్రిక్ బండి వస్తే ఆయిలు, ఫిల్టరు, ప్లగ్గు గొడవ వదిలిపోతుందని మురిసిపోయిన ఒక మిత్రుడు ఇప్పుడు బండిలో ముందునుంచీ ఉన్న సౌకర్యాల తాళం తీయించుకోడానికి సాఫ్ట్‌వేర్ ప్యాక్ కొంటున్నాడు. అతన్ని ఓదార్చడం నావల్ల కాదు.

మొత్తం నాలుగు వేలకు దగ్గరైంది. బండి మాత్రం ధగధగలాడుతోంది, ఒప్పుకోవాలి. టైర్లకు కూడా నల్లగా మెరుగు పెట్టారు. అద్దంలో నా ముఖం నాకంటే బాగా కనిపించింది. ఆసీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు కొత్త బండ్లు పూజకి బారులు తీరతాయి చూడండి, వాటి మధ్యలో నిలబెడితే పంతులుగారు దీనికీ నిమ్మకాయలు పెట్టేసేవారు.

మర్నాడు ఆ బండి మా చెల్లెలు తీసుకెళ్లింది. కేజీహెచ్ డౌన్ తెలుసు కదా, పెద్దాసుపత్రి దగ్గర ఏటవాలు రోడ్డు. పైనుంచి దిగుతూ బ్రేకు పట్టింది. లివర్ వచ్చి గ్రిప్పుకి తగిలింది, బండి మాత్రం ఆగలేదు. కింద ఆటోలు, అంబులెన్సు, రోడ్డు దాటుతున్న ముసలాళ్లు. రెండు చెప్పులూ నేలకి ఆనించి, టైరుని ఫుట్‌పాత్ అంచుకి రాయించి ఆపుకుంది. చెప్పులు పోయాయి, మడమ చెక్కుకుపోయింది. ఇంటికి వచ్చి చాలాసేపు మాట్లాడలేదు.

గేర్లు లేని బండి ఇది. డౌన్‌లో గేరు తగ్గించి ఇంజిన్ మీద ఆపుకోవడం దీనికి చేతకాదు. వేగం తగ్గేసరికి క్లచ్ తనంతట తను వదిలేస్తుంది, ఆ తర్వాత బండి దొర్లుకుంటూ పోవడమే. ఉన్న దిక్కు బ్రేకు ఒక్కటే. ఒక లివర్ నొక్కితే రెండు చక్రాలూ పట్టే ఏర్పాటు 2019 ఏప్రిల్ నుంచి ఇలాంటి చిన్న స్కూటర్లన్నిటికీ వచ్చేసింది. చక్రం డ్రమ్ములో ఒరుసుకుని బండిని ఆపే బ్రేకు షూలు అరిగిపోతే రెండు చక్రాలూ కలిసికట్టుగా పట్టడం మానేస్తాయి, అంతే తేడా.

కంచరపాలెంలో చెట్టు కింద బండ్లు బాగుచేసే పెద్దాయన వెనక చక్రం విప్పి, డ్రమ్ములోంచి నల్లపొడి నేల మీద దులిపి, నా వైపు చూశాడు. "ఎవుడు బాబూ సేసినోడు? నట్టు ఆకరికంటా బిగించీసినాడు. షూ ఏటీ నేదు, ఇనుమూ ఇనుమూ రాసుకుంటంది. మనుసులెక్కే బండి ఇది." ఆయనా హరిశ్చంద్రుడేం కాదు, "ఒరిజినలే బాబూ" అని ఆయన ఇచ్చే పార్టుల పుట్టుక ఆయనకే తెలియాలి. కానీ వంగి చూశాడు.

వెనక చక్రం దగ్గర బ్రేకు తీగ తగులుకునే కడ్డీ మొదట్లో ఒక చిన్న బాణం ఉంటుంది. పక్కనే డ్రమ్ము మూత మీద ఒక గుర్తు. బ్రేకు నొక్కినప్పుడు బాణం ఆ గుర్తు దాకా వచ్చిందంటే షూలు మార్చాలని. అంతే. ట్యాబు అక్కర్లేదు, స్కానర్ అక్కర్లేదు, చదువు కూడా అక్కర్లేదు. నా బండి బాణం గుర్తు దాటిపోయి ఉంది. ఎప్పుడో దాటింది. బిల్లులో "బ్రేక్ అడ్జస్ట్‌మెంట్" అని లైను ఉంది, దానికి డబ్బూ పట్టారు. చేసిందేమిటి? నట్టు బిగించారు. షూ అరిగితే లివర్ వదులవుతుంది. ఆ వదులే నడిపే మనిషికి హెచ్చరిక. నట్టు బిగిస్తే లివర్ మళ్లీ గట్టిగా అనిపిస్తుంది, హెచ్చరిక పోతుంది, ప్రమాదం ఉంటుంది. దీన్ని సర్వీస్ అంటారా? టైరు గోడకి మెరుగు పెట్టడానికి నేల మీద కూర్చున్న మనిషికి, దానికి జానెడు దూరంలో ఉన్న బాణం కనపడలేదా? కనపడే ఉంటుంది. షూల జత మూడు నాలుగు వందలు, విప్పి బిగించడానికి అరగంట. ఆ అరగంటలో రెండు బండ్లకి కోటింగ్ తుస్సుమనిపించొచ్చు. మెరిసేదానికి టార్గెట్ ఉంది, ఆపేదానికి లేదు. నా చెల్లెలి మడమ ఎవరి టార్గెట్‌లోనూ లేదు. సిగ్గుండాలి.

2022 డిసెంబర్ 24న కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ పోర్టల్, అంటే కొన్న వస్తువుని బాగుచేయించుకునే హక్కు కోసం ఒక వెబ్‌సైటు, తెరిచింది. బండ్లూ అందులోకి వస్తాయి. 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల ఫిర్యాదు రాసుకుంటారు. రాయించాను. నాలుగు వేల బిల్లు పెట్టి, మూడొందల పార్టు మార్చలేదని గొడవ చేసిన పిచ్చివాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఈలోగా సర్వీస్ సెంటర్ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వచ్చింది. తియ్యటి గొంతు. బండి చెప్పిన టైమ్‌కి ఇచ్చారా సార్? ఇచ్చారు. శుభ్రంగా కడిగారా? కడిగారు. వెయిటింగ్ హాల్లో ఏసీ, కాఫీ బాగున్నాయా? బాగున్నాయి. అడ్వైజర్ నవ్వుతూ మాట్లాడారా? ఆపకుండా నవ్వాడు.

"బ్రేకు పట్టిందా అని అడగరామ్మా?"

"అది టెక్నికల్ సార్, నా దగ్గర ఆ ప్రశ్న లేదు. పదికి ఎంతిస్తారో చెప్పండి సార్. పదికి పది ఇస్తే మా టీమ్‌కి బాగుంటుంది."

సున్నా అన్నాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. ఫోన్ పెట్టేసి నిమిషం కాలేదు, స్వయంగా సర్వీస్ మేనేజర్ లైన్లోకి వచ్చాడు. బండి గురించి కంగారు అనుకున్నాను, మార్కు గురించి. ఆ సున్నాని పది చేయించమని బతిమాలాడు. జీతాల్లో కోత పడుతుందన్నాడు. బ్రేకు షూల గురించి చెప్పబోతే మధ్యలోనే అందుకున్నాడు.

"అర్థమైంది సార్. ఈసారి వచ్చినప్పుడు పాలిష్ ఫ్రీగా కొట్టించేస్తాను."